ఒక రోజు అంటే ఎన్ని గంటలు?

శుభలేఖలో ముహూర్తం దగ్గర ఒక్కోసారి ఇలా ఉంటుంది: శుక్రవారం రాత్రి 2 గంటల 16 నిమిషాలకు, తెల్లవారితే శనివారం. దాన్ని చూసి ఎవరూ తికమకపడరు. పంచాంగం లెక్కన సూర్యోదయమైతే తప్ప రోజు మారదు కనుక ఆ రాత్రి ఇంకా శుక్రవారమే. చుట్టాలు ఆ లెక్క ప్రకారమే వస్తారు, వంటవాళ్లు ఆ లెక్క ప్రకారమే పొయ్యి వెలిగిస్తారు. ఫొటోగ్రాఫర్ కొటేషన్ ఒక్కటే వేరే లెక్కలో నడుస్తుంది. అందులో ‘వెడ్డింగ్, 1 డే’ అని ఉంటుంది. ఆ డే ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో మాత్రం ఉండదు.

కొన్ని స్టూడియోల్లో డే అంటే ఎనిమిది గంటలు, కొన్నిట్లో పన్నెండు. క్యాలెండర్‌ను నమ్ముకున్నవాళ్లకు అర్ధరాత్రి పన్నెండు కొడితే సరి. పెళ్లి చూస్తే ఉదయం తొమ్మిదికి మంగళస్నానాలతో మొదలవుతుంది. సాయంత్రం ఎదురుకోలు, రాత్రి గౌరీపూజ, రెండు దాటాక జీలకర్ర బెల్లం, ఆపైన మాంగల్యధారణ, తలంబ్రాలు, అరుంధతి దర్శనం. అప్పగింతలు పూర్తయ్యేసరికి పొద్దున ఆరున్నర. మొత్తం ఇరవై ఒకటిన్నర గంటలు. పన్నెండు గంటల డేకి కుదిరిన టీమ్, రాసుకున్నదాని ప్రకారమైతే, రాత్రి తొమ్మిదికే సర్దుకుని వెళ్లిపోవచ్చు. ఎవరూ వెళ్లరు, నిజమే. కానీ ‘అదనపు గంటకు ఇంత’ అన్న చిన్నక్షరాల లైను ఆటో మీటరులా తిరుగుతూనే ఉంటుంది. ఆ ఇంత టీమ్ మొత్తానికా, మనిషికా అన్నది ఇంకో పేచీ. ట్రెడిషనల్ ఫొటోకు ఒకరు, ట్రెడిషనల్ వీడియోకు ఒకరు, క్యాండిడ్‌కు ఒకరు, సినిమాటిక్‌కు ఒకరు, మొత్తం నలుగురు. పెళ్లికూతురి తండ్రి కళ్లు తుడుచుకునేలోపే ఎవరో పక్కకు పిలిచి ఈ గుణకారం చెబుతారు.

అందుకని శుభలేఖ పక్కన పెట్టుకుని కొటేషన్ చదవాలి. ‘మంగళస్నానాల నుంచి అప్పగింతలు అయ్యేదాకా ఒకే ప్యాకేజీ, గంటలతో నిమిత్తం లేదు’ అని రాయించుకోగలిగితే సగం గొడవ తీరినట్టే. అది కుదరకపోతే అదనపు గంట రేటు, అది ఎందరికి, మొత్తం మీద ఎంతకు మించదు అన్నవి అంకెల్లో ఉండాలి. ముహూర్తం తేదీని పంచాంగం ప్రకారం ఒకసారి, క్యాలెండర్ ప్రకారం ఒకసారి రాయించుకోవడం చాదస్తం కాదు. శుక్రవారం పెళ్లి అని రాసుకున్న స్టూడియో శనివారం ఉదయం పదింటికి ఇదే టీమ్‌ను ఇంకో పెళ్లికి ఒప్పుకుని ఉంటే, తలంబ్రాల వేళకే కెమెరాలు బ్యాగుల్లోకి చేరతాయి.

చివరి పావుగంట కోసం కోర్టుకెక్కినవాళ్లూ ఉన్నారు. న్యూయార్క్‌లో 2003లో పెళ్లి చేసుకున్న ఒకాయన, వేడుకలో చివరి పదిహేను నిమిషాలు తీయలేదంటూ 2009లో స్టూడియో మీద దావా వేశాడు. కట్టిన 4,100 డాలర్లు వెనక్కి ఇవ్వడమే కాదు, పెళ్లిని మళ్లీ జరిపించి ఫొటోలు తీయించుకోవడానికి 48,000 డాలర్లు కూడా కావాలన్నాడు. 2011లో సంగతి పత్రికలకెక్కేనాటికి ఆ దంపతులు విడాకులు కూడా తీసుకున్నారు. జడ్జి చాలా వాదనలు కొట్టేశారు గానీ, ఒప్పందాన్ని ఉల్లంఘించారన్న ఫిర్యాదును మాత్రం విచారణకు ఉంచారు. పెళ్లి నిలవలేదు, ఒప్పందం నిలిచింది.

మన దగ్గర వ్యవహారం అంత దూరం వెళ్లదు. అసలు కాగితమే ఉండదు కాబట్టి. ఫొటోగ్రాఫర్ ‘మనవాడే’ అయి ఉంటాడు. బావమరిది క్లాస్‌మేటో, పక్క వీధి స్టూడియో వాళ్లబ్బాయో. “బాబాయ్, మీరేం టెన్షన్ పడకండి, అంతా నేను చూసుకుంటా” అంటాడు. ఆ అంతాలో డ్రోన్ ఉందా, ఎల్‌ఈడీ స్క్రీన్ ఉందా, మూడో నాటి సత్యనారాయణ వ్రతం ఉందా అని అడగడానికి బాబాయికి మొహమాటం. కాగితమంటే వంద రూపాయల స్టాంపు పేపరే కానక్కర్లేదు. వాట్సాప్‌లో కొటేషన్ వచ్చి, ఇటునుంచి ఓకే వెళ్లి, ఫోన్‌పేలో అడ్వాన్స్ పడితే అదీ ఒప్పందమే. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టం 10ఏ సెక్షన్ చెబుతోంది. మాట్లాడుకున్నవన్నీ ఆ రాత్రే ఒక మెసేజ్‌గా పంపి “ఇంతే కదా బాబూ?” అని అడిగితే మర్యాదా దక్కుతుంది, సాక్ష్యమూ మిగులుతుంది.

గంటల తర్వాత చూడాల్సింది మనుషుల్ని. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, మూఢాల్లో లేవు. అవి పోగా మిగిలిన మంచి ముహూర్తాల మీదే రెండు రాష్ట్రాల జనమూ పడతారు. మాఘంలోనో శ్రావణంలోనో పేరున్న స్టూడియోకు ఒకే రాత్రి నాలుగైదు పెళ్లిళ్లు ఉంటే అది వింతేమీ కాదు. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి మురిసిపోయిన ఫొటోలు తీసినాయన ఒక పెళ్లికి వెళ్తాడు. మిగతావాటికి ఆ రోజు వరకు పిలిపించుకున్న ఫ్రీలాన్సర్లు వెళ్తారు. వాళ్లలో చేయి తిరిగినవాళ్లూ ఉంటారు, అది వేరే సంగతి. కుటుంబం డబ్బు కట్టింది మాత్రం ఆయన పనితనం చూసి. కాబట్టి ఎవరు వస్తారో పేరుతో సహా రాయించుకోవాలి. ఆయన జ్వరంతో పడిపోతే బదులు ఎవరు, వాళ్ల పాత పని ముందే చూపిస్తారా, ఎవరూ రాకపోతే ఏమిటి అన్నవీ అక్కడే తేలాలి.

ఎవరూ రాకపోవడమూ జరిగింది. స్కాట్లండ్‌లో ఒక పెళ్లికి ఫొటోగ్రాఫర్ రాలేదు. పెళ్లికూతురికి కలిగిన మనస్తాపానికి 1971లో అక్కడి కోర్టు 30 పౌండ్లు ఇప్పించింది. మొత్తం చిన్నదే. కానీ పోయింది ఫీజు ఒక్కటే కాదని కోర్టు ఒప్పుకోవడం పెద్ద విషయం. ఇప్పుడు అచ్చులో వచ్చే ఒప్పందాల్లో సరిగ్గా దీన్ని మూసేసే లైను ఒకటి ఉంటుంది: ‘ఏ కారణంగా నష్టం జరిగినా మా బాధ్యత మాకు చెల్లించిన మొత్తానికే పరిమితం’. ఆ లైను కొట్టేయమంటే చాలామంది ఒప్పుకోరు. కనీసం ‘మా నిర్లక్ష్యం వల్ల జరిగితే తప్ప’ అన్న ముక్క చేర్పించడానికి ప్రయత్నించాలి.

డబ్బు దగ్గర మోసం తక్కువ, మరుపు ఎక్కువ. రెండు లక్షల ప్యాకేజీ అనుకుంటే, కింద ‘ట్యాక్స్ అదనం’ అని ఉంటే ఇంకో 36,000 పడుతుంది. ఫొటోగ్రఫీ సేవ మీద జీఎస్టీ 18 శాతం. బిల్లు మీద జీఎస్టీ నంబరు లేనివాళ్లు ఆ పన్ను వసూలు చేయకూడదు. పక్క ఊళ్లో పెళ్లయితే టీమ్ ప్రయాణం, బస ఎవరివో రాసుకోవాలి. పెళ్లినాటికే మొత్తం చెల్లించేసే షరతుకు మాత్రం ఒప్పుకోకండి. నాలుగో వంతైనా ఆల్బమ్ చేతికొచ్చాకే ఇవ్వాలి. ఆ బాకీయే ఎడిటర్‌ను కంప్యూటర్ ముందు కూర్చోబెడుతుంది.

‘అడ్వాన్స్ ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు’ అన్న వాక్యం బలం 2020 మార్చిలో అందరికీ అనుభవంలోకి వచ్చింది. లాక్‌డౌన్‌లో పెళ్లిళ్లు ఆగిపోయాయి, తర్వాత యాభై మంది అతిథులతోనే చేసుకోమన్నారు. స్టూడియోల పరిస్థితీ అధ్వానమే. తేదీ మారితే అడ్వాన్స్ కొత్త తేదీకి వర్తిస్తుందా, ఎన్ని నెలల వరకు, రేటు అదేనా అని రాసుకున్నవాళ్లు తక్కువ. ఇప్పుడైనా ఆ లైను ఉండాలి, ఎందుకంటే ఇంట్లో మైల వచ్చినా పెళ్లి వాయిదా పడుతుంది. ఒకమాట తెలిసి ఉండటం మంచిది. 1872 నాటి భారత కాంట్రాక్టుల చట్టం 74వ సెక్షన్ ప్రకారం, మాట తప్పితే ఇంత కట్టాలని రాసుకున్నా, దక్కేది ఆ అంకెకు మించని సముచిత పరిహారమే. అచ్చేసిన ప్రతి జరిమానా శిలాశాసనం కాదు.

ఇక ఆల్బమ్. 12×36 సైజు, 40 షీట్లు అని ఉంటే, ఒక షీటు విప్పితే రెండు పేజీలు, అంటే 80 పేజీలు. కొందరు 40 పేజీలనే 40 షీట్లుగా చెలామణీ చేస్తారు. కాబట్టి షీటా, పేజీయా అని విడదీసి అడగాలి. ఒక్క ఆల్బమా, వియ్యాలవారికి ఇంకోటా, రెండో కాపీ రేటెంత, ఇవీ అడగాలి. వీడియోలో టీజర్ వేరు, హైలైట్స్ వేరు, ఫుల్ వీడియో వేరు. ఒక్కోటి ఎన్ని నిమిషాలో, మార్పులు ఎన్నిసార్లు చేస్తారో ఉండాలి. అన్నిటికన్నా ముందు, వారంలోగా ఎడిట్ చేసిన ఓ ఇరవై ఫొటోలు ఇవ్వాలన్న షరతు పెట్టాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వివాహ నమోదుకు పెళ్లి ఫొటో కావాలి. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న పెళ్లికొడుకు భార్యకు డిపెండెంట్ వీసా ఇంటర్వ్యూ ఉంటే ఆ ఫొటోలు ఫైల్లో ఉండటమూ అవసరమే. ఆల్బమ్ ఆరు నెలలకు వచ్చినా సర్దుకోవచ్చు, కాన్సులేట్ సర్దుకోదు.

తీసినదంతా ఎక్కడ ఉంటుందన్నది ఎవరూ అడగని ప్రశ్న. సెకనుకు వంద మెగాబిట్ల చొప్పున 4కే వీడియో తీస్తే గంటకు దాదాపు 45 జీబీ. రెండు వీడియో కెమెరాలు రాత్రంతా నడిస్తే అది ఎంతవుతుందో లెక్క వేసుకోవచ్చు. అంత డేటాను స్టూడియోలు ఏళ్ల తరబడి దాచవు. ఆల్బమ్ ఇచ్చిన నెలకో మూడు నెలలకో చెరిపేస్తామన్న లైను చాలా ఒప్పందాల్లో ఉంటుంది, అది న్యాయమే. అందుకే రా ఫుటేజ్ సహా అంతా హార్డ్ డిస్క్‌లో ఇస్తారా, డిస్క్ ఎవరు కొనాలి అన్నది ముందే తేల్చుకోవాలి. ఒకేసారి రెండు కార్డుల మీద రాసే కెమెరాలు వాడతారా అనీ అడగాలి. కార్డు పాడైతే జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించలేరు.

హక్కుల సంగతిలో మన చట్టం జనం పక్షానే ఉంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. కాకపోతే ‘వేరే ఒప్పందం లేనప్పుడు’ అన్న షరతు ఉంది. ‘సర్వహక్కులూ స్టూడియోవే’ అన్న లైను మీద సంతకం పడగానే ఆ వేరే ఒప్పందం పుట్టేస్తుంది. అమెరికాలో మామూలుగా హక్కు ఫొటోగ్రాఫర్‌దే. అక్కడి నమూనా కాగితాలను ఇంటర్నెట్ నుంచి దించుకుని పేరు మార్చి వాడుకునేవాళ్ల వల్ల ఆ లైను ఇక్కడికీ చేరుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెళ్లి చేసే తెలుగువాళ్లు మాత్రం ఫొటోలు ప్రింట్ చేసుకోవడానికి, ఇతరులతో పంచుకోవడానికి అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఎక్కడైనా సరే, మంగళస్నానం ఫొటోలు, పసిపిల్లల ఫొటోలు ప్రచారానికి వాడకూడదనీ, మిగతావి అడిగాకే పెట్టాలనీ ఒక వాక్యం చాలు.

డ్రోన్ గురించి తక్కువలో చెప్పాలంటే, 250 గ్రాములు మించిన డ్రోన్‌ను వ్యాపారానికి ఎగరేస్తే నడిపేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలన్నది 2021 డ్రోన్ నిబంధనల మాట. బేగంపేట విమానాశ్రయం చుట్టుపక్కల హాలైతే అనుమతి కూడా చూసుకోవాలి. బాధ్యత స్టూడియోదేనని రాయించుకుంటే చాలు. లైవ్ పెట్టిస్తే ఇంటర్నెట్ ఎవరిదో తేల్చుకోవాలి. రాత్రి 2:16కి డాలస్‌లో మధ్యాహ్నం, మేనత్త ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంటుంది. పెళ్లి ఊరేగింపులో, మండపంలో సినిమా పాటలు వేసుకోవడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వెసులుబాటు ఇచ్చింది. హైలైట్స్ వీడియోకు అతికించి యూట్యూబ్‌లో ఎక్కించడం వేరు, అక్కడ మ్యూట్ అయిపోవచ్చు.

ఫొటోగ్రాఫర్ల వైపునా న్యాయం ఉంది. ఆల్బమ్ కోసం మూడు నాలుగు వేల ఫొటోల్లోంచి మూడు వందలు ఏరి ఇవ్వమంటే, కొన్ని ఇళ్లలో ఆ సెలెక్షన్ ఏడాదైనా పూర్తికాదు. ఈలోపు ప్రింటింగ్ రేట్లు పెరుగుతాయి, డిస్కులు నిండుతాయి. అందుకే సెలెక్షన్ ఇచ్చిన నాటి నుంచి ఇన్ని రోజుల్లో ఆల్బమ్ అని వాళ్లు రాసుకోవడం సబబే. సెలెక్షన్ ఇన్ని నెలలు దాటితే కొత్త రేటు అన్నదానికీ అభ్యంతరం పెట్టకూడదు. టీమ్‌కు వేళకు భోజనం పెట్టాలన్న లైను చూసి నవ్వేవాళ్లుంటారు. తెల్లవారుజాము దాకా నిలబడి పనిచేసే మనిషి అది అడగాల్సి రావడమే తప్పు.

ఇంత చూసుకున్నా తేడా వస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. ఫిర్యాదుదారు ఉండే జిల్లాలోనే కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. సలహాకు 1915 నంబరు ఉంది. గడువు మాత్రం ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లే. “వచ్చే వారం ఇచ్చేస్తా బాబాయ్” అన్న ఫోన్లలో రెండేళ్లు ఇట్టే కరిగిపోతాయి. డెలివరీ తేదీ ఎక్కడా రాసి లేకపోతే, ఆ కారణం ఏ రోజు పుట్టిందో కమిషన్ ముందు చెప్పడమూ కష్టమే. అడ్వాన్స్ కొట్టేముందు ఆ ఒక్క తేదీ అయినా రాయించుకోండి.