దొరసాని రాసిపెట్టిన కథలు

ఒంగోలు చరిత్ర మాట వస్తే క్లౌ దొర పేరు రాకుండా పోదు. ఆయన పేరుతో ఆసుపత్రి వెలిసింది. ఆయన మీద పుస్తకాలున్నాయి. మా వైపు ముసలివాళ్ళ నోట కథలూ ఉన్నాయి. ఆయన భార్య పేరు అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. ఆ తడుముకోవడంలో ఒక న్యాయమూ ఉంది, ఎందుకంటే ఆయనకు ఇద్దరు భార్యలు, ఒకరి తరువాత ఒకరు. నేను చెప్పబోయేది రెండవ ఆమె గురించి, జీవితపు సాయంకాలంలో ఆ ఇద్దరూ కలిసి గడిపిన రోజుల గురించి.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. యౌవనంలో భూమి కొలిచే సర్వే బృందాలతో తిరిగాడు. 1864 చివర భార్య హారియట్‌తో ఓడెక్కి, మరుసటి ఏడాది మద్రాసులో దిగాడు. మొదట నెల్లూరులో తెలుగు నేర్చుకుని, 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. అప్పటికి అది నెల్లూరు జిల్లాలోని ఒక చిన్న ఊరు. రైలు లేదు. మద్రాసు నుంచి బెజవాడకు రైలు దారి పూర్తయింది 1899లో. అంతవరకూ ఎద్దుబండే ఆయనకు వాహనం, చింతతోపులో వేసిన గుడారమే ఇల్లు. ఎండ దెబ్బకు వెరచి రాత్రిపూట ప్రయాణం, తెల్లవారేసరికి మరో ఊరి తోపు. ఏళ్ళ తరబడి ఆయన దినచర్య ఇదే.

ఆ ప్రయాణాలలో ముఖ్యమైన ఘట్టాలు చాలామందికి తెలిసినవే. 1876-78 నాటి ధాత కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ పైచిలుకు పని గుత్తకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకు కూలి ఇప్పించాడు. కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని, కరువు సాగినంత కాలమూ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు వెనకబట్టాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. వాళ్ళలో అత్యధికులు మాదిగలు. నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది ఆయన కాదు, తెలుగు బోధకులు ఆరుగురు.

హారియట్ 1893లో చనిపోయింది. మరుసటి ఏడాది ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్‌ను పెళ్ళాడాడు. అప్పటికి ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. ఆమెకు ముప్పై అయిదు. ఆమె జర్మన్ వంశీకురాలు, రాచెస్టర్‌లో వేదాంతం చెప్పే ఒక ఆచార్యుని కూతురు. అమెరికా సామాజిక క్రైస్తవ చింతనలో పేరెన్నిక గన్న వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె తమ్ముడే. 1882 నుంచే ఆమె ఈ దేశంలో మిషన్ పని చేసిన మనిషి. కొత్త పెళ్ళికూతురుగా తెలుగు నేల మీద అడుగుపెట్టినది కాదు. స్విట్జర్లాండులో బెర్న్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పుచ్చుకుంది. స్త్రీల హక్కుల కోసం తొలి రోజులలో గొంతెత్తిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద ఆమె రాసిన గ్రంథం 1898లో అచ్చయింది.

ఇంత చదువుకున్న మనిషి ఒంగోలు బంగళాలో కూర్చుని ఏం చేసి ఉంటుంది? వచ్చేపోయే జనాన్ని పలకరించడం, ఉత్తరాలు, లెక్కలు, వృద్ధాప్యంలోకి అడుగుపెడుతున్న భర్త బాగోగులు – ఇవన్నీ ఉండే ఉంటాయి. కాని వాటితో పాటు ఆమె మరో పని చేసింది. విన్నది. 1899లో, ఒంగోలు మీదుగా రైళ్ళు నడవడం మొదలైన ఏడాదే, ‘వైల్ సూయింగ్ శాండల్స్’ అనే పుస్తకం లండనులో వెలువడింది. ‘చెప్పులు కుడుతూ’ అన్నమాట. మాదిగల పుట్టుక గాథలు, మాతంగి, ఎల్లమ్మ, అరుంధతి కథలు, గురువులు, యోగమార్గాలు, తొలితరం బోధకుల జీవితాలు అన్నీ అందులో ఉన్నాయి. పదేళ్ళ తరువాత థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద తన సంపుటాలు వెలువరించినప్పుడు మాదిగల గురించి ఈ పుస్తకం నుంచి కావలసినంత తీసుకున్నాడు.

ఈ పుస్తకం ఇప్పుడు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. నేను దాన్ని పండితుడిగా చదవలేదు. మా తాత ఆరె, రంపె పట్టినవాడు. తంగేడు చెక్క వేసి ఊరబెట్టిన లంద వాసన ఆయన ఒంటి మీద ఉండేదని మా అమ్మ చెబుతుంది. ఆయన కుట్టిన చెప్పులు ఊరంతా తొడిగింది; కట్టిన మోటబానలు ఊరి పొలాలకు నీళ్ళు తోడాయి. ఆయన పేరు మాత్రం ఏ కాగితం మీదా లేదు. మా ఇంట్లో చరిత్ర అంటే అమ్మ చెప్పిన మాటే. ఆ మాట వెనక ఇంకా ఎంత దూరం దారి ఉందో చూపించే పుస్తకం, ఎక్కడో పుట్టిన ఒక దొరసాని రాసినది, నా చేతికి వచ్చినప్పుడు కలిగిన భావాన్ని కృతజ్ఞత అంటే సగమే చెప్పినట్టు. మిగతా సగం ఉక్రోషం. మన కథ మనకు చేరడానికి ఇంత చుట్టుదారి పట్టాలా?

అందులో నన్ను పట్టి నిలబెట్టింది యెర్రగుంట్ల పేరయ్య కథ. తాళ్ళకొండపాడు ఆయన ఊరు. ఒంగోలుకు పడమరగా నలభై మైళ్ళ దూరం. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. క్లౌను కలుసుకోకముందే ఆయన సత్యాన్వేషి. రాజయోగం అభ్యసించాడు. ఆయనకు ఆ యోగం నేర్పిన గురువు ఒక స్త్రీ, బండికట్ల వీరమ్మ. అంటరానివాడని ఊరు వెలుపల ఉంచిన మనిషి ఒక స్త్రీ పాదాల దగ్గర యోగం నేర్చుకున్నాడన్న సంగతి మన పాఠ్యపుస్తకాలలో నేను ఎక్కడా చదవలేదు. స్త్రీల హక్కుల మీద గ్రంథం రాసిన ఎమ్మాకు ఈ కథ చెవిన పడిన క్షణంలో ఏమనిపించిందో ఊహించుకోవడం నాకిష్టం. వీరమ్మ పేరు ఆమె జారిపోనివ్వలేదు. నాకు అంతే చాలు.

ఈ పుస్తకంతో తగాదా పడవలసిన చోట్లు లేకపోలేదు. దాని ఉపశీర్షికలో ఉన్న ‘పరయా’ అన్న మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. మతం మారినవాళ్ళ కథ చెప్పి, దూరదేశంలోని పాఠకులను ఒప్పించాలన్న తొందర ఆమెకుంది. మాదిగల పాత దైవాలను ఆమె చూసిన చూపులో జాలి ఎక్కువ, గౌరవం తక్కువ. క్లౌ కూడా తన దగ్గరకు వచ్చినవాళ్ళకు మూడు కట్టుబాట్లు పెట్టాడు: ఆదివారం పనిచేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్న మాటలే. కాని వెట్టి చేసేవాడు వారానికి ఒకరోజు రానంటే పల్లె కట్టడమే కదులుతుంది. చావుకీ పండగకీ డప్పు కొట్టనంటే మోతుబరి ఊరుకుంటాడా? బావి దగ్గరా, పొలం దగ్గరా ఆ దెబ్బలు తిన్నది దొర కాదు, మావాళ్ళు. ఆ ధైర్యం లెక్క కూడా వాళ్ళ ఖాతాలోనే రాయాలి.

అయినా వినడం ఒక పని. తేలికైన పని కాదు. వేరే దేశంలో, వేరే నుడిలో, తనను దొరసాని అని పిలిచి దూరంగా నిలబడేవాళ్ళ చేత మనసు విప్పించడానికి ఓర్పు కావాలి. బండి మీద వందల మైళ్ళు తిరిగి, వేలమందిని లెక్కపెట్టుకున్న భర్త పక్కన కూర్చుని, ఆమె ఒక్కొక్కరి కథ అడిగింది. ఆ ఇంట్లో ఆ రెండు పనులూ సాగాయి. ఆయన చేసిన పనికి ఊళ్ళో రాతికట్టడాలు నిలిచాయి. ఆమె చేసిన పని కాగితం మీద ఉండిపోయింది.

క్లౌ 1910లో అమెరికాలో, రాచెస్టర్‌లో కన్నుమూశాడు. నాలుగేళ్ళ తరువాత ఆయన ఆత్మకథ అచ్చయింది. ‘నేను’ అంటూ సాగే పుస్తకం అది. ముఖపత్రం మీద మాత్రం, ఆయన కోసం ఆయన భార్య రాసిపెట్టినదని స్పష్టంగా ఉంది. మొదట చెప్పులు కుట్టేవాళ్ళ మాటలకూ, ఆపైన భర్త మాటలకూ ఆమే లేఖకురాలు. ఆమె తన సొంత కథ రాసుకుని ఉంటే ఒంగోలు బంగళాలో ఒక పగలు ఎలా గడిచేదో మనకు తెలిసేది.

ఆమె వీళ్ళ కథలు విన్నది తెలుగులో, రాసింది ఇంగ్లీషులో. ఇప్పుడు ఆదివారాలు నేను అమ్మకు ఒక్కో ప్రకరణం మళ్ళీ తెలుగులోకి తిప్పి వినిపిస్తున్నాను. అమ్మకు చూపు మందగించింది గాని చెవి చురుకు. అరుంధతి కథ దగ్గరకు వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టి, ‘అట్టా కాదురా అబ్బయ్యా, మీ తాత చెప్పింది వేరు’ అంది. పుస్తకం పక్కన పెట్టి, అమ్మ చెబుతున్నది రాసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు పేజీలయింది.