ఒక్క నిమిషం

ఒకరోజు కూర్చుని లెక్కపెట్టాను, మా పాపతో "ఒక్క నిమిషం ఆగు" అని ఎన్నిసార్లు అంటున్నానో. కూర్చుని అన్నది మాటవరసకే. పాల ప్యాకెట్ల లెక్క రాసుకునే కాగితాన్ని వెనక్కి తిప్పి ఫ్రిజ్‌కి అంటించి, పొద్దున ఆరున్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా అన్నప్పుడల్లా ఒక గీత గీసుకుంటూ వచ్చాను. పడుకునేసరికి 43 గీతలు. మధ్యాహ్నం రెండు గంటలు గీతల సంగతే మర్చిపోయాను కాబట్టి ఇంకో పది కలుపుకోవచ్చు. అప్పటికి పాపకి నాలుగేళ్ళు, దాని తమ్ముడికి తొమ్మిది నెలలు. చిన్నాడితో ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. అన్నా వాడు ఆగడు.

ఆ లెక్క ఎందుకు పెట్టానో చెప్పాలంటే, అంతకు ముందు వారం జరిగింది చెప్పాలి. రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఆరోజు ఇంటినుంచి పని. ముందురోజు టీకా వేయించుకొచ్చాం, చిన్నాడికి ఒళ్ళు వెచ్చగా ఉంది, భుజం దిగడం లేదు. పాపకి దగ్గని ప్లేస్కూల్ మాన్పించాను. పనమ్మాయి రాలేదు. పదకొండున్నరకి ఆఫీసు కాల్. పొయ్యి మీద కుక్కర్. సరిగ్గా నేను మాట్లాడాల్సిన వంతు వచ్చేసరికి బాత్రూంలోంచి "అమ్మా, అయిపోయిందీ!" అని కేక. మ్యూట్ చేసి "ఒక్క నిమిషం ఆగమ్మా" అన్నాను. ఐదు నిమిషాలకి ఇంకో కేక. మళ్ళీ ఆగమన్నాను. మూడో కేక వినపడలేదు. హమ్మయ్య అనుకున్నాను.

అదే కమోడ్ దిగి, కడుక్కోబోయి, మగ్గు ఒంపేసుకుని, కాళ్ళ నిండా పూసుకుని హాల్లోకి వచ్చి నా ఎదురుగా నిలబడింది. బాత్రూం నుంచి సోఫా దాకా తెల్ల టైల్స్ మీద అడుగులు. "నేనే కడుక్కున్నా" అంది.

గర్వంగా అంది. ఆ గర్వం నాకు తర్వాత గుర్తొచ్చింది. ఆ క్షణాన నాకు టైల్స్ మాత్రమే కనిపించాయి. కాల్ కట్ చేశాను. చిన్నాణ్ణి ఉయ్యాల్లో పడేశాను, పడేశాననే అనాలి. దాని జబ్బ పట్టుకుని బాత్రూంలోకి ఈడ్చుకెళ్ళాను. ఏమేం అరిచానో అంతా గుర్తులేదు. "నన్ను చంపుకు తినడానికే పుట్టారు ఇద్దరూ" అన్నది మాత్రం గుర్తుంది. ఎందుకంటే ఆ మాట నాది కాదు, మా అమ్మది. నా చిన్నప్పుడు వంటింట్లోంచి వినపడేది. పిల్లలు పుడితే ఈ మాట చచ్చినా అనకూడదని ఏడో తరగతిలోనో ఎప్పుడో అనుకున్నాను కూడా.

స్నానం చేయించేటప్పుడు చూశాను. జబ్బ మీద నా నాలుగు వేళ్ళు, ఎర్రగా.

సాయంత్రానికి ఆ గుర్తులు పోయాయి. వాళ్ళ నాన్న ఇంటికొచ్చాక పాప ఏమీ చెప్పలేదు. రోజూ చీమ కుట్టినా చెప్పే పిల్ల. అది చెప్పకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. రాత్రి లైటు తీసేశాక, చిన్నాడికి పాలిస్తూ ఇటు తిరిగి పడుకున్న నా వీపుతో అడిగింది: "అమ్మా, నేను మళ్ళీ ఎప్పుడు చిన్నదాన్నవుతా?"

*

పాప పుట్టినప్పుడు మూడు నెలలు తెనాలిలో ఉన్నాను. బాలింతనని కాలు కింద పెట్టనివ్వలేదు. పొద్దున్నే కాయం, పాపకి నలుగు, సాంబ్రాణి పొగ, చెవుల్లో దూది. అది తుమ్మితే ముగ్గురు పరిగెత్తుకొచ్చేవాళ్ళు. దానితోపాటు నేనూ పసిపిల్లనే అన్నట్టు చూశారు.

చిన్నాడు పుట్టినప్పుడు అందరూ ఒకటే మాట. "రెండో కాన్పేగా, నీకు తెలియనిదేముంది." అమ్మకి మోకాళ్ళ నొప్పులు, తెనాలి నుంచి కదల్లేకపోయింది. అత్తయ్య వచ్చి నెలరోజులుండి, చేయగలిగినంత చేసి వెళ్ళారు. ఆ తర్వాత నిజాంపేటలో రెండు బెడ్రూముల ఫ్లాటు, ఇద్దరు పిల్లలు, నేను. డాక్టర్ దగ్గరికి వెళితే కుట్లు ఎలా ఉన్నాయని అడిగారు, బాబు బరువు చూశారు. నిద్ర పడుతోందా అని ఎవరూ అడగలేదు. అడిగినా "పర్లేదండీ" అనేదాన్నేమో.

ప్రసూతి సెలవు చట్టాన్ని 2017లో మార్చి, 12 వారాల సెలవుని 26 చేశారు. మొదటి ఇద్దరు బిడ్డలకీ అంతే సెలవు. రెండోసారి కదా, అలవాటైపోయి ఉంటుందిలే అని ఆ చట్టం అనుకోలేదు. చుట్టాలే అనుకున్నారు. నిజం చెప్పాలంటే నేనూ అనుకున్నాను. తండ్రికి మాత్రం ఆ చట్టంలో ఒక్కరోజు కూడా లేదు. మా ఆయనకి వాళ్ళ కంపెనీ దయతలచి వారం ఇచ్చింది.

ఇద్దరు పిల్లలంటే పని రెండింతలవుతుంది, అంతే కదా అనుకున్నాను. పని అంత పెరగలేదు. ఉయ్యాల పాతదే, గౌన్లూ జుబ్బాలూ పాతవే, జ్వరమొస్తే ఏం చేయాలో తెలుసు. నాకు తెలియనిది వేరే ఒకటుంది. ఒకే నిమిషం ఇద్దరికీ కావాలి. ఒడి ఒక్కటే. రోజుకి నలభై యాభై సార్లు ఆ ఒడి ఎవరిదో తీర్పు చెప్పాలి. ప్రతిసారీ ఒకటే తీర్పు. ఆగలేనివాడికి నిమిషం దక్కుతుంది. ఆగగలిగినవాళ్ళు ఆగుతారు. నాలుగేళ్ళ పిల్ల ఆగగలదు కాబట్టి ఆపుతున్నాం. ఎంత బాగా ఆగితే అంత ఎక్కువ ఆపుతున్నాం. పైగా "పెద్దదానివి కదా" అని ఒక బిరుదు. చిన్నాడు పుట్టే ముందురోజు దాకా అన్నం కలిపి నోట్లో పెట్టించుకున్న పిల్ల, నేను హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చేసరికి పెద్దదైపోయింది.

ఇంట్లో ఇంకొకరు కూడా అంతే బాగా ఆగగలరు. టిఫిను పదకొండింటికి తినగలరు, తలస్నానం ఆదివారానికి వాయిదా వేయగలరు, బాత్రూంకి వెళ్ళకుండా రెండు కాల్స్ పూర్తి చేయగలరు. ఇలా ఆగీ ఆగీ ఒకరోజు ఆ పిల్ల జబ్బ పట్టుకోగలరు.

మా ఆయన మంచివాడే. ఈ వాక్యం రాయకుండా ఆడవాళ్ళెవరూ ఇలాంటి వ్యాసం రాయలేరేమో. వంట చేస్తాడు, డైపర్ మారుస్తాడు, అడిగింది ఏదీ కాదనడు. ఇబ్బంది ఆ "అడిగింది" దగ్గరే. "చెప్పొచ్చు కదా, చేసేవాణ్ణి" అంటాడు. చెప్పడానికి కూడా ఒక నిమిషం కావాలి. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ఒకటుంది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. పిల్లల్నీ పెద్దవాళ్ళనీ చూసుకోవడానికైతే 134, 76. తనకి చూపించాను. "నేను 97 కంటే ఎక్కువే చేస్తాను" అన్నాడు. నిజమే, చేస్తాడు. టీకా తారీఖు, దగ్గు మందు ఎక్స్‌పైరీ, పాప బూట్లు బిగుతయ్యాయన్న సంగతి గుర్తుపెట్టుకునే నిమిషాలు మాత్రం ఏ పట్టికలో వేయాలో ఇద్దరికీ తెలియలేదు.

*

అర్ధరాత్రి పాలిస్తూ నిద్రపోకుండా ఉండటానికి ఫోన్‌లో ఏవేవో చదివేదాన్ని. అలా దొరికాడు డొనాల్డ్ విన్నికాట్. ఇంగ్లండులో పిల్లల డాక్టరు, సైకోఎనలిస్టు. 1949లో అచ్చయిన ఒక వ్యాసంలో, తల్లి తన పసిబిడ్డని ద్వేషించడానికి కారణాల జాబితా ఇచ్చాడు. పద్దెనిమిది కారణాలు. పొద్దుటినుంచీ తల్లి ప్రాణం తీసిన బిడ్డ, బయటికి తీసుకెళ్ళగానే దారినపోయే వాళ్ళని చూసి నవ్వడం వాటిలో ఒకటి. మా లిఫ్టులో రోజూ జరిగేదే. "ఎంత బుద్ధిమంతుడండీ మీ బాబు!" ఈ ద్వేషం ప్రేమకి వ్యతిరేకం కాదనీ, దాన్ని బిడ్డ మీద చూపించకుండా లోపల భరించగలగడమే తల్లి చేసే పెద్ద పని అనీ ఆయన వాదన.

ద్వేషం అన్న మాట దగ్గర ఆగిపోయాను. తెలుగులో తల్లికి ఆ మాట లేదు. విసుగు ఉంది, చిరాకు ఉంది, "పిల్లలతో వేగలేకపోతున్నా" ఉంది. ఇంగ్లీషు వాళ్ళ జోలపాటలో కొమ్మ విరిగి ఉయ్యాల కింద పడుతుందని, దాన్ని కూడా విన్నికాట్ ప్రస్తావిస్తాడు. మనకి ఏముందా అని ఆలోచిస్తే బూచివాడు గుర్తొచ్చాడు. ఏడిస్తే వచ్చి సంచిలో వేసుకుని పట్టుకుపోయేవాడు. అర్ధరాత్రి చీకట్లో పిల్లాణ్ణి ఊపుతూ వాణ్ణి పిలిచిన మొదటి తల్లి, నిజంగా పిల్లాణ్ణి భయపెట్టడానికే పిలిచిందా?

మర్నాడు మధ్యాహ్నం అమ్మకి ఫోన్ చేసి, జబ్బ మీద వేళ్ళ సంగతి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ఎవరో పక్కింటావిడ కబురు చెప్తున్నట్టు మొదలుపెట్టింది.

"నీకు మూడేళ్ళప్పుడు, తమ్ముడికి ఇంకా ఏడాది నిండలా. మీ నాన్న క్యాంపుకెళ్ళారు. ఒకరోజు మిమ్మల్నిద్దర్నీ పక్కింటి పిన్నిగారికి అప్పజెప్పి, కూరగాయలకెళ్ళొస్తానని చెప్పి స్టేషన్‌కి పోయా."

"ఏ ఊరికి?"

"ఊరేంటి? టికెట్ కూడా కొన్లా. బెంచీ మీద కూచున్నా. రెండు బళ్ళు వచ్చి పోయినై. మూడోది వచ్చేలోపు పాలొచ్చేసి జాకెట్టంతా తడిసిపోయింది. కొంగు కప్పుకుని లేచొచ్చేశా."

ఏం మాట్లాడాలో తెలియక, "మరి కూరగాయలు?" అన్నాను.

"వస్తా వస్తా దొండకాయలు తెచ్చా. లేకపోతే పిన్నిగారు అడగదూ?"

"నాకెప్పుడూ చెప్పలేదేమ్మా?"

"ఎవరడిగారే?"

నాకు గుర్తున్న అమ్మ కోపిష్ఠి. వంటింట్లో గిన్నెలు ఎత్తేసే అమ్మ. ఆ బెంచీ మీద కూర్చున్న మనిషి వయసు లెక్కేశాను. ఇరవై ఆరు. ఇప్పుడు నాకున్న దానికంటే ఏడేళ్ళు తక్కువ.

ఆ కథ నాకు ఊరటనిచ్చింది. కానీ నా ఊరట పాప జబ్బకి పనికిరాదు. అమ్మకీ అలాగే ఉండేదని తెలిస్తే నా చెయ్యి చేసింది ఒప్పైపోదు. ఆ మాట అమ్మ దగ్గర్నుంచి నా నోట్లోకి వచ్చింది, ఇక్కణ్ణుంచి ఎటు వెళుతుందో కూడా తెలుసు. అప్పటికే పాప తమ్ముడి ఉయ్యాల దగ్గర నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఒక్క నిమిషం ఆగరా, చంపుతున్నావ్" అనడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం దాన్ని కూర్చోబెట్టుకుని చెప్పాను. "నిన్న నిన్ను గట్టిగా పట్టుకున్నా. తప్పు నాది. నువ్వు చాలాసేపు ఆగావు. మంచిగా కడుక్కోవాలనే చూశావు." అది జబ్బ చూపించి "ఇక్కడ" అంది. నొప్పెట్టిందా అంటే "ఊ" అంది. తర్వాత బొమ్మల డబ్బా తెచ్చుకుంది. నేను ఊహించుకున్న కౌగిలింతలేమీ జరగలేదు.

*

గీతల కాగితం మా ఆయన కంట పడింది. "పాలు ఇన్ని ప్యాకెట్లా?" అన్నాడు. అప్పుడు అన్నీ చెప్పాను. టైల్స్, వేళ్ళు, అమ్మ, స్టేషన్. తను చాలాసేపు ఆ కాగితం పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి మాత్రం "చెప్పొచ్చు కదా" అనలేదు. మర్నాడు సాయంత్రం ఏడింటికి, నేను అడక్కుండానే చిన్నాణ్ణి ఎత్తుకుని టెర్రస్ మీదికి వెళ్ళాడు. ఇప్పటికి మూడు నెలలుగా వెళుతున్నాడు. వర్షమొస్తే పార్కింగ్‌లో తిప్పుతున్నాడు. ఆ అరగంట ఒడి పాపది.

దీంతో అంతా బాగైపోయిందని చెప్పను. పనమ్మాయి ఇప్పటికీ మానేస్తూనే ఉంటుంది, కాల్స్ ఉంటూనే ఉంటాయి. మొన్న ఇంకోసారి లెక్కపెడితే 26 గీతలు. అరుస్తూనే ఉన్నాను, కొంచెం తక్కువగా. జబ్బ మాత్రం మళ్ళీ పట్టుకోలేదు. ఇప్పటిదాకా.

నిన్న ఏడుంబావుకి పాప నేల మీద బోర్లా పడుకుని క్రేయాన్స్‌తో రైలు వేస్తోంది. అమ్మమ్మ రైలంట. పెట్టెలకంటే చక్రాలే ఎక్కువున్నాయి. వాళ్ళ నాన్న కిందికి దిగేలోపు అన్నం పెట్టేద్దామని "రా, తిందువుగాని" అన్నాను. తలెత్తకుండానే అంది: "ఒక్క నిమిషం ఆగమ్మా."

కంచం పక్కన పెట్టి కూర్చున్నాను. అన్నం చల్లారిపోయింది. ఇంకా నాలుగు చక్రాలు వేయాలట.