రుఖ్సతీ డీవీడీ

ఇంట్లో అబ్బా ఫోటోలు బోలెడున్నాయి. ఆవాజ్ మాత్రం ఒక్కచోటే ఉంది, 2006 నాటి ఆపా షాదీ డీవీడీలో. రుఖ్సతీ వేళ ఆపా తలమీద చెయ్యిపెట్టి దువా చేస్తూ మధ్యలో ఆగిపోతారు. మొన్న ఈద్‌కి వెళ్తే అమ్మీ సందూక్‌లోంచి ఆ డిస్కు తీసి నా చేతిలో పెట్టింది. అంచంతా గీతలు.

నా ల్యాప్‌టాప్ పాతది, ర్యామ్ రెండే జీబీలు. ఆపా కొడుకు దాంట్లో లైనక్స్ వేసిచ్చాడు. కాపీ మొదలుపెట్టిన కాసేపటికే మౌస్ కదలడం మానేసింది. ఎలాగో టర్మినల్ తెరిచి 'ఫ్రీ' అని కొడితే, మెమరీ దాదాపు ఖాళీ లేదు! భాంజాకి ఫోన్ చేశా.

"పరేషాన్ అవకండి మామూ. చదివిన డేటాని లైనక్స్ ఖాళీ ర్యామ్‌లో దాచుకుంటది, మళ్లీ అడిగితే తొందరగా ఇవ్వడానికి. అదే బఫ్/క్యాష్. వేరే ప్రోగ్రాముకి జాగా కావాలంటే వదిలేస్తది. ఫ్రీ కాదు, అవైలబుల్ కాలమ్ చూడండి."

చూశా. సహీ, అవైలబుల్ బాగానే ఉంది. అయినా వాడి మాట నాకు పూర్తిగా మింగుడుపడలేదు. డీవీడీ అంటే 4.7 జీబీ. కాపీ చేసేటప్పుడు ప్రతి ముక్కా ఒక్కసారే చదువుతాం, మళ్లీ దాని మొహం చూడం. అలాంటిదాన్ని దాచడానికి నా బ్రౌజర్‌ని హార్డ్‌డిస్క్ మీది స్వాప్‌లోకి నెట్టేసింది. దావత్‌కి వచ్చి తినేసి వెళ్లిపోయేవాళ్ల కోసం ఇంటివాళ్లను దాలాన్‌లో పడుకోబెట్టినట్టు!

అసలు ముసీబత్ గీతల దగ్గర మొదలైంది. డిస్కు మీద సెక్టార్ 2048 బైట్లు. లైనక్స్ మాత్రం ముందుచూపుతో మామూలుగా 128 కేబీ దాకా, అంటే 64 సెక్టార్లు, ఒకేసారి అడుగుతుంది. అందులో ఒక్కటి చెడినా డ్రైవ్ గర్రుగర్రుమంటూ అక్కడే తిరుగుతుంది. డిస్కు మధ్యలోంచి అంచుకి రాస్తారు కదా, మనం పట్టుకునేదేమో అంచు. రుఖ్సతీ వచ్చేది ఆఖర్న. అంటే మా అందరి వేలిముద్రలూ అబ్బా దువా మీదే పడ్డాయన్నమాట.

భాంజా చెప్పినట్టు డీడీరెస్క్యూ పెట్టా. '-డి' ఇస్తే మధ్యలో క్యాష్ లేకుండా నేరుగా డిస్కునే అడుగుతుంది. '-బి 2048' అని సెక్టార్ కొలత కూడా చెప్పా. ముందు బాగున్న భాగమంతా తెచ్చేసుకుని, చెడినచోట్లు మ్యాప్ ఫైల్‌లో రాసుకుని, తర్వాత సబ్ర్‌తో మళ్లీ మళ్లీ వాటి దగ్గరికి వెళ్లింది. రాత్రంతా నడిచింది. ఫజర్‌కి లేచి చూస్తే కొన్ని సెక్టార్లు తప్ప అన్నీ వచ్చాయి.

నాష్తా ముందు అమ్మీకి చూపించా. అబ్బా దువా మొదలైంది, ఆగింది. ఇదివరకటికన్నా కొంచెం ఎక్కువసేపు ఆగినట్టనిపించింది. అందులో అబ్బా ఆగిందెంతో, రాని సెక్టార్లెన్నో నాకు తెలీలేదు. అదే అమ్మీతో అన్నా.

"చుప్ రహో బేటా, ఆయన ఏడుస్తున్నారు" అంది.

ఫైల్ ఆపాకి పంపా. డౌన్‌లోడ్ చేసుకుంది. ఇంకా తెరవలేదట.