మరునాటి రుచి

బత్తాయి రసం పిండిన వెంటనే తాగెయ్యమని మా ఇంట్లో పెద్దవాళ్లు తొందరపెట్టేవారు. గ్లాసు అరుగు మీద పెట్టి ఆటల్లో పడితే, తిరిగొచ్చేసరికి అది చేదెక్కి ఉండేది. ఎవరూ అందులో ఏమీ కలపలేదు. అదే పండు, అదే గ్లాసు. కారణం చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. పండు కోయనంతసేపు అందులో ఒక పదార్థం ఏ రుచీ లేకుండా ఒదిగి ఉంటుందట. పిండాక రసంలోని పులుపు తగిలి అది మెల్లగా లిమోనిన్ అనే చేదుగా మారుతుంది. వేడి చేస్తే ఇంకా తొందరగా మారుతుంది. అంటే ఆ చేదు బయటినుంచి వచ్చింది కాదు. తియ్యగా ఉందని మురిసిపోయిన మొదటి గుటకలోనూ అది ఉంది. నాలుకకు తెలిసే రూపంలో లేదు, అంతే.

ఈ సంగతి నాకు బ్రౌనీలు చేసిన రోజున మళ్లీ గుర్తొచ్చింది. అప్పటినుంచి నన్ను వదలడం లేదు.

మా నంద్యాల గురించి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. బయటివాళ్లకు ఈ ఊరంటే మహానంది, నవనందులు, సోనా బియ్యం. ఇరుగుపొరుగు జిల్లాల్లో చదువుకున్న పిల్లలున్న ఇళ్లకు మాత్రం నంద్యాల అంటే బ్యాంకు కోచింగ్. డిగ్రీ పూర్తిచేసి పెట్టె సర్దుకుని ఇక్కడికొచ్చి, హాస్టల్లో మంచం సంపాదించుకుని, ఏడాదో రెండేళ్లో లెక్కలూ రీజనింగూ చేసే పిల్లలతో వీధులు నిండి ఉంటాయి. ఉద్యోగం వచ్చినవాళ్ల ఫొటోలు ఫ్లెక్సీల మీద నవ్వుతుంటాయి. మా అక్క కూతురు కూడా అందుకే వచ్చింది, హాస్టల్లో కాక మా ఇంట్లోనే ఉంది. ప్రిలిమ్స్ దాటింది. మెయిన్స్‌లో ఆగిపోయింది.

ఫలితం తెలిసిన సాయంత్రం మా ఇంట్లో ఫోను విశ్రాంతి లేకుండా మోగింది. పిల్ల ఏడవలేదు. పుస్తకాలు ఒక పక్కకు జరిపి, "పిన్నీ, మన ఓవెన్ పనిచేస్తుందా?" అని అడిగింది. కమలాపండు వాసన వచ్చే చాక్లెట్ బ్రౌనీలు చెయ్యాలట. ఏప్రిల్ నెలలో మా ఊళ్లో కమలాలు ఎక్కడివి? బండ్ల మీద ఉన్నవి బత్తాయిలే. పచ్చటి తొక్కతో, గట్టిగా, అనంతపురం వైపు తోటలనుంచి వచ్చేవి. వాటితోనే కానిద్దామనుకున్నాం.

మర్నాడు మధ్యాహ్నం మొదలుపెట్టాం. వేసవిలో రాష్ట్రంలో ఎండ ఎక్కువగా కాసే ఊళ్ల లెక్క తీస్తే నంద్యాల పేరు తరచూ వినబడుతుంది. చాక్లెట్ కరగడానికి మనిషి ఒంటి వేడి చాలు. మా వంటింటి గట్టుకు అంతకంటే ఎక్కువే ఉంది. నేను మరుగునీళ్ల మీద గిన్నె పెట్టేలోపే నూట యాభై గ్రాముల డార్క్ చాక్లెట్ సగం తనంతట తానే మెత్తబడింది. అందులో 120 గ్రాముల వెన్న. రసం కూడా అరకప్పు పోద్దామంది పిల్ల. పోస్తే ఓవెన్ వేడికి చేదెక్కుతుందని, పైగా పిండి నీళ్లవుతుందని నేను ఆపాను. పరిమళం రసంలో కాదు, తొక్కలో ఉంటుంది. వెలుతురులో పెట్టి చూస్తే తొక్క మీద చుక్కలు చుక్కలుగా కనిపించేవి నూనె తిత్తులు. వాటి కింద తెల్లపొర తగిలిందా, మళ్లీ చేదే. కాబట్టి రెండు బత్తాయిల పైతొక్క, ఒక నిమ్మకాయది, అంటీ అంటనట్టు తురిమాం. ఆ తురుమును 180 గ్రాముల చక్కెరలో వేసి మునివేళ్లతో నలపమన్నాను. పిల్ల నలుపుతూ కూర్చుంది. చక్కెర చెమ్మబారి లేత పచ్చరంగు తిరిగింది. ఇల్లంతా ఆ వాసన. అంతసేపూ తను ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ మాట్లాడించలేదు. మూడు గుడ్లు, ఎనభై గ్రాముల మైదా, కాస్త కోకో పొడి, చిటికెడు ఉప్పు. బేకింగ్ పౌడర్ లేదు. బ్రౌనీ పొంగక్కరలేదు.

అసలు చిక్కు దించడంలో ఉంది. కేకుకైతే పుల్ల గుచ్చి చూస్తాం, శుభ్రంగా వస్తే అయినట్టు. బ్రౌనీకి పుల్ల శుభ్రంగా వచ్చిందంటే సమయం దాటిపోయినట్టు. మధ్యలో ఇంకా తడిగా, పుల్లకు ముద్దలు అంటుకుంటున్నప్పుడే తియ్యాలి. 175 డిగ్రీల దగ్గర ఇరవై అయిదు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. మిగిలిన పని పళ్లెంలోని వేడే చేసుకుంటుంది. బెల్లం పాకం పట్టిన చేతులకు ఇది కొత్త కాదు, పొయ్యి మీంచి దించాక కూడా పాకం ముదురుతుందని మనకు తెలుసు. తెలిసినా, తడిగా కదులుతున్నదాన్ని "అయిపోయింది" అని బయటికి తియ్యడానికి ధైర్యం కావాలి.

ఆగలేదు ఎవరూ. వేడిమీదే కోశారు. ముక్కలు ముక్కలుగా రాలేదు, ముద్దగా వచ్చింది. మా ఆయన తీపి ఎక్కువైందన్నారు, బత్తాయి ఎక్కడుందో వెతకాలన్నారు. పక్కింటావిడ లోపల ఉడకలేదంది. పిల్ల చెంచాతో తీసుకుని, "ఇందులోనూ మెయిన్స్ పోయింది పిన్నీ" అని నవ్వింది. అందరం నవ్వాం. ఆ నవ్వు నాకు అంత తేలిగ్గా మింగుడుపడలేదు.

మరునాడు ఆళ్లగడ్డలో మా మేనత్త ఇంటికి వెళ్లాల్సిన పని ఉంది. మిగిలినదాన్ని డబ్బాలో పెట్టుకుని పిల్లను వెంటబెట్టుకెళ్లాను. కడప రోడ్డులో, శిరివెళ్ల మీదుగా. దారిలో ఎడమవైపు దూరంగా నల్లమల. బస్సులో పిల్ల బ్రౌనీ పుట్టుక గురించి ఎక్కడో చదివింది చెప్పింది. 1893లో షికాగోలో పెద్ద ప్రదర్శన జరిగినప్పుడు, పామర్ హౌస్ హోటల్ యజమాని భార్య బెర్తా పామర్, ఆడవాళ్లు డబ్బాలో పెట్టుకుని తినడానికి వీలుగా చిన్న చాక్లెట్ మిఠాయి ఒకటి చెయ్యమందట. దాని మీద అక్రోట్లు, ఆప్రికాట్ పండు పూత. బ్రౌనీలకు అది తొలిరూపమని చెబుతారు. ఆ ఏడాది షికాగో అనగానే నాకు వివేకానందుడే గుర్తొస్తాడు. ఆయన మాట్లాడిన సర్వమత సభ ఆ ప్రదర్శనకు అనుబంధంగా జరిగిందే. ఒక ఊరు ఒకే ఏడాదిలో ఎన్ని రకాల ఆకళ్లు తీర్చిందో కదా అనిపించింది. చాక్లెట్‌కు పండు జోడించడం మన సొంత తెలివి కాదని కూడా తేలింది.

ఆళ్లగడ్డకు శిల్పుల ఊరని పేరు. అక్కడి రాతిశిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రోడ్డు పక్క షెడ్లలో సగం చెక్కిన దేవుళ్లు, నాయకులు, ఏనుగులు, పక్కపక్కనే దుమ్ములో నిలబడి ఉంటారు. ఉలి చప్పుడుకు ఇప్పుడు యంత్రం రొద తోడైంది. మా అత్త కొడుకు, నాకు బావ వరస, ఆ పనిలోనే ఉన్నాడు.

అత్త ఒక ముక్క తీసుకుని ముందు వాసన చూసింది. "ఇదేందే, బత్తాయి తొక్క గుమ్మంటాంది" అంది. తిన్నది. ఇంకో ముక్క అడిగింది. నిన్న అందరూ ఏమన్నారో పిల్ల చెప్పింది. అత్త కొట్టిపారేసింది: "వేడిమీద తిన్నోళ్లకు నోరు కాలింటాది, రుచేం తెలుస్తాది?"

నేనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. నిజమే. తీపి తగ్గి, చాక్లెట్ చేదు ముందుకొచ్చి, దాని వెనక తొక్క పరిమళం స్పష్టంగా తెలుస్తోంది. ముక్క కూడా గట్టిపడి నిలబడింది.

ఇక్కడినుంచే నా సందేహాలు. మారింది బ్రౌనీయా, మేమా? శాస్త్రం కొంత చెబుతుంది. వేడిగా ఉన్నప్పుడు నాలుకకు తీపి ఎక్కువగా తెలుస్తుంది. చల్లారాక వెన్నా, కోకోలోని కొవ్వూ గడ్డకట్టి ముక్కకు బిగువొస్తుంది. కానీ అత్త సంగతి? ఆమెకు బత్తాయి, కమలా తొక్కలు కొత్త కాదు. ఎండబెట్టి సున్నిపిండిలో కలిపి మా అందరికీ ఒళ్లు రుద్దిన మనిషి. ఆ వాసన ఆమెకు ఎంతమంది పిల్లల తలంటు రోజుల్ని గుర్తుచేసిందో! పైగా ఆమె ఫలితం వినలేదు, పరీక్ష గురించి అడగలేదు, పిల్ల చేసిందంటే తినడానికి సిద్ధంగా కూర్చుంది. నేను కూడా అత్త మెచ్చుకున్న తర్వాతే కదా తిన్నది? ముందే తిని ఉంటే అదే అనేదాన్నా? ఆలోచించినకొద్దీ నా నాలుక మీద నాకే నమ్మకం సడలింది. రుచి చెప్పేటప్పుడు మనం వస్తువు గురించి ఎంత చెబుతున్నామో, ఆ గంట గురించి, ఆ పక్కనున్నవాళ్ల గురించి ఎంత చెబుతున్నామో విడదీయడం నాకు చేతకాలేదు.

బావకు ఇదంతా వివరించాను, తడిగా ఉండగానే తియ్యడం, ఆ తర్వాత తనంతట తాను కుదురుకోవడం. చేతులు తుడుచుకుంటూ విన్నాడు. "రాయికి ఆ సుఖం లేదమ్మా. మేం ఎక్కడ ఆపితే అక్కడే ఆగుతాది" అన్నాడు. ఆ మాట నాకు కావలసిన చోట తగిలింది. చెయ్యి తీసేశాక కూడా మారుతూ ఉండేవి కొన్ని, చెయ్యి తీసిన చోటే నిలిచిపోయేవి కొన్ని. రెంటినీ ఒకే కంటితో చూస్తామేమో మనం.

అలాగని ఆగితే అన్నీ మంచే అవుతాయన్న ధైర్యం నాకు లేదు. ఆగితే బత్తాయి రసం చేదెక్కుతుంది. కోకో కథ దానికి తలకిందులు. గోదావరి జిల్లాల కొబ్బరి తోటల నీడలో మన రాష్ట్రంలోనే అది విస్తారంగా పండుతుంది. హైదరాబాద్‌లో 2023లో తెరిచిన ‘మనం చాక్లెట్’ అనే సంస్థ లాంటివాళ్లు ఆ గింజతోనే చాక్లెట్ చేస్తున్నారు. పచ్చి కోకో గింజ కొరికితే వగరూ చేదూ తప్ప చాక్లెట్ జాడే ఉండదు. గుజ్జుతో సహా అయిదారు రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, వేయిస్తేనే ఆ రుచి పుడుతుంది. ఒకదానికి కాలం గుణం, ఇంకోదానికి దోషం. ఏది ఏ జాతిదో ముందే చెప్పే పుల్ల ఏదీ మన చేతిలో లేదు. మనుషుల విషయంలో అసలే లేదు.

ఆ ఫలితం సాయంత్రం వచ్చిన ఫోన్లను ఇప్పుడు తలచుకుంటాను. ఎవరూ నిందించలేదు. అందరూ ఓదార్చినవాళ్లే. "పోతేపోనీ, వచ్చేసారి తప్పకుండా వస్తుంది" అన్నారు, నేనూ అలాగే అన్నాను. అందులో ప్రేమ లేదనను. కానీ ఓదార్పు కూడా తీర్పే కదా. పోయిందని ముందు ఒప్పుకుంటేనే కదా ఓదార్చేది? వచ్చేసారి రావాల్సిందేనని కూడా అందులోనే చెప్పేస్తున్నాం. పొగలు కక్కుతున్న పళ్లెం చుట్టూ చెంచాలతో నిలబడ్డట్టు మేమందరం ఆ పిల్ల చుట్టూ నిలబడ్డాం. అత్త ఒక్కతే ఏమీ అడగకుండా వాసన చూసింది. ఆమెది తెలివా, వయసా, లేక ఆ పరీక్షలేమిటో తెలియకపోవడమా? తెలియకపోవడమే అయితే, తెలిసిన మనం ఆ పాటి మౌనం ఎక్కడ నేర్చుకోవాలి? నా దగ్గర జవాబు లేదు. పాఠకుల్లో ఎవరికైనా దొరికిందేమో.

ఆ తర్వాత పిల్ల మళ్లీ పరీక్ష రాసిందా, ఉద్యోగం వచ్చిందా అని అడగాలనిపించడం సహజం. ఆ వివరం రాస్తే ఇప్పటిదాకా చెప్పిందంతా దానికి ముందుమాట అయిపోతుంది, కాబట్టి రాయడం లేదు. బ్రౌనీ చేసుకోవాలనుకునేవాళ్లు మాత్రం నిగనిగలాడే పండు కాకుండా గట్టి తొక్కున్న బత్తాయి ఏరుకోండి. గోరువెచ్చటి నీళ్లతో రుద్ది కడిగి, తుడిచి, ఆరాక తురమండి. తెల్లపొర దాకా వెళ్లకండి. చేసిన రోజున కోయకండి.