వసిష్ఠ గోదావరిపై మా పడవ ప్రయాణము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు చెప్పుదురు. ఆ రెండును చేసి చూచిన పిమ్మట మేము పడవ కొని చూచితిమి.

మా పడవ గొప్పది కాదు. లంకలవారు అరటిగెలలను, పశువుల మేతను చేరవేయుటకు వాడు నాటుపడవ. దానిపై వెదురు తడికలతో గూడు వేయించి, వెనుక చిన్న యింజను బిగించి, లోపల రెండు పరుపులును, ఒక గ్యాసు పొయ్యియు, రెండు మంచినీళ్ల బిందెలును అమర్చుకొంటిమి. పిల్లలు పెద్దవారై యెవరి కాపురమునకు వారు పోయిరి. ఇక మాకు తీరిక దొరికినదని తలచితిమి. ఆ మాట నిజమగునో కాదో ఈ ప్రయాణముననే తెలిసినది.

బంధువులు వద్దనిరి. 2019వ సంవత్సరము సెప్టెంబరు మాసములో పాపికొండల దారిని కచ్చులూరు కడ విహారపు బోటు మునిగి పలువురు మరణించిన సంగతి వారు మరువలేదు. వారి భయము న్యాయమైనదే. అందువలన వరద తీసి నీరు తేరిన కార్తికమాసము వరకు ఆగితిమి. లైఫు జాకెట్టు తొడుగక పడవలో కాలు పెట్టరాదనియు, ప్రొద్దు క్రుంకిన పిమ్మట పడవ నడుపరాదనియు నియమము చేసికొంటిమి. లంకలలో పుట్టి పెరిగిన యొక ముసలి సరంగు మా యిరువురకును చుక్కాని పట్టుట నేర్పెను.

ధవళేశ్వరము దిగువను గోదావరి గౌతమి, వసిష్ఠ అను రెండు పెద్ద పాయలుగా చీలును. ఆ చీలిక కడనే 1847 మొదలు 1852 వరకు కాటన్ దొర ఆనకట్ట కట్టించెను. నేడున్న బ్యారేజి 1982లో పూర్తియైనది. మేము వసిష్ఠ పాయను సిద్ధాంతము రేవున పడవ యెక్కి, అంతర్వేది వరకు నాలుగు దినములలో మెల్లగా పోవలెనని నిశ్చయించుకొంటిమి.

మొదటినాటి యుదయమున మోకు విప్పితిమి. ఇంటి యజమాని చుక్కాని కడను, ఇల్లాలు పొయ్యి కడను కూర్చుండుట యెవరును చెప్పకయే జరిగిపోయెను. ముప్పది యేండ్ల వాడుక మాతోపాటు పడవ యెక్కినది. కాఫీ, ఉపాహారము, అంట్లు, కూరలు తరుగుట, వంట. మధ్యాహ్నమునకు అన్నము వడ్డించునప్పుడు గూటిలోనుండి యొక ప్రశ్న వినవచ్చెను.

“ఏమండీ, గోదావరి బాగున్నదా?”

“అదేమి ప్రశ్న! నీవు చూచుట లేదా?”

“ఎక్కడండీ! ప్రొద్దుటినుండి నేను చూచినది పప్పుగిన్నెనే.”

ఆ మాట నవ్వుచునే వచ్చినది. కాని విన్నవారికి నవ్వు రాలేదు. ఆ పూట పడవను ఒక లంకయొడ్డున కట్టి, చాలసేపు మాటలాడుకొంటిమి. ఒకనాడు చుక్కాని పట్టినవారు మరునాడు గరిటె పట్టవలెనని తీర్మానించుకొంటిమి.

రెండవనాడు చుక్కాని ఇల్లాలి చేతికి వచ్చెను. పప్పు మాడినది. కూరలో ఉప్పు రెండుమారులు పడినది. మజ్జిగ మాత్రము బాగుండెను. ఆకలి రుచి యెరుగదు గనుక అంతయు తింటిమి. ఆనాడే వైనతేయ పాయ చీలు చోటు చేరి, అందులో కొంతదూరము పోయి గన్నవరపు అక్విడక్టును చూచితిమి. క్రింద నది, దాని నెత్తిన కాలువ! రాజోలు ప్రాంతపు పొలములకు నీరు అందించుటకై నదినే దాటించి కాలువను కొనిపోయిన ఈ కట్టడము మొదట 19వ శతాబ్ది నడుమ వెలసినది.

సాయంకాలము ఒక లంకలో కూరగాయలకై దిగితిమి. ఒక ముసలమ్మ మాకు ఆనపకాయ నిచ్చి డబ్బు పుచ్చుకొనలేదు. నది నడుమకు చేయి చూపి, “అదిగోనమ్మా, అక్కడే మా పెరడు” అనెను. అచ్చట నీరు తప్ప మరేమియు లేదు. వరద వచ్చినప్పుడెల్ల లంకగట్టు కోసికొని పోవును; కొబ్బరిచెట్లు వేళ్లతో కూలును. ఇచ్చునదియు గోదావరియే, కోసికొని పోవునదియు గోదావరియే.

మూడవనాడు గరిటె వంతు ఇల్లాలిది. కాని వంట పెందలకడ ముగిసినందున చించినాడ వంతెన దాటిన పిమ్మట మరల చుక్కాని చేత పట్టెను. అచ్చటి నీటికి సముద్రపు ఆటుపోట్లు తగులును. మేము ఆ సంగతి వినియుంటిమి గాని లెక్కపెట్టలేదు. పాటు తీయుచున్న వేళ పడవ యొక ఇసుకమేట నెక్కి నిలిచిపోయినది. “ఇటు తెమ్ము, నేను చూచెదను” అని యజమాని చేయి చాచెను. ఇల్లాలు చుక్కాని వదలలేదు. గడలు వేసి నెట్టితిమి. ఇంజను హోరెత్తి బురద చిమ్మినదే కాని పడవ కదలలేదు. ఒకరి తప్పు ఒకరిపై వేసికొనునంతలో వలలు వేయుచున్న యొక జాలరి దూరమునుండి కేకవేసెను. “ఊరుకోండి బాబూ! పోటొస్తే దానంతటదే లేస్తుంది.”

ఇంచుమించు ఆరు గంటల కొకసారి ఆటుపోటులు మారును. పాటు అప్పటికే సగము తీసియుండుటచే మాకు మిగిలినది చాల కాలము. చేయదగిన పని యొకటియు లేదు. మా సంసారములో అట్టి కాలము మున్నెన్నడును రాలేదు. కొంగలు తడియిసుకపై నడచుట చూచితిమి. మా పెండ్లినాటి సంగతులు చెప్పుకొంటిమి. కొంతసేపు ఊరకుంటిమి. ప్రొద్దు వాలునప్పుడు పడవ మెల్లగా ఊగి తేలెను. చుక్కాని ఇల్లాలి చేతనే యుండెను. యజమాని ముందు నిలిచి గడతో లోతు చూచి చెప్పుచుండ, చీకటి పడకమునుపే దరి చేరితిమి.

నాలుగవనాడు నరసాపురములో దిగితిమి. 17వ శతాబ్దిలో డచ్చివారు వర్తకము చేసిన పట్టణమిది. ఆ కాలమున ఓడలు కట్టుటకును పేరొందెను. మేము చూడగోరినది లేసు అల్లిక. 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ పని చుట్టుపట్ల గ్రామముల స్త్రీలకు జీవనాధారమైనది. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఒక అరుగుపై కూర్చుండి లేసు అల్లుచున్న యామెను పలుకరించితిమి.

“తీరికవేళ చేసే పనేనమ్మా ఇది” అని యామె చెప్పెను.

“తీరిక ఎప్పుడు చిక్కును?”

“వంటయినాక, పిల్లలు పడుకున్నాక.”

మరియా మీస్ అను జర్మను పరిశోధకురాలు ఈ స్త్రీలను గూర్చి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. తీరికవేళ పని యని పేరు పెట్టుటచేతనే ఈ శ్రమకు విలువ తగ్గుచున్నదని ఆమె చూపినది. మొదటినాటి పప్పుగిన్నె మాకు జ్ఞప్తికి వచ్చి, ఒకరి మొగ మొకరు చూచుకొంటిమి.

మధ్యాహ్నము మరల పడవ యెక్కి అంతర్వేది చేరితిమి. నది మొగ కడ అలలకు మా పడవ తాళదు గనుక రేవున కట్టి, లక్ష్మీనరసింహస్వామిని దర్శించి, అన్నాచెల్లెళ్ల గట్టునకు పోతిమి. చొల్లంగి మొదలు ఏడు సంగమములందు స్నానమాడు సప్తసాగర యాత్రికులకు కడపటి రేవు ఈ అంతర్వేదియే. నది తొందరలేక సముద్రములో కలియుచుండెను.

సోదరీమణులారా! అందరకును పడవ యుండదు. ఉండవలసిన పనియు లేదు. మాకు తీరిక నిచ్చినది పడవ కాదు, గరిటె చేతులు మారుట. ఇప్పుడు మా యింట మంగళ, శుక్ర వారములయందు వంట యజమానిది. పప్పు ఇప్పటికిని అప్పుడప్పుడు మాడుచున్నది. ఆ వేళ ఇల్లాలు వీధియరుగుపై కూర్చుండి, పోటు కొరకు వేచిన నాటివలె, ఊరక యుండుట నేర్చుకొనుచున్నది.