వెనక పేజీ లెక్కలు

ఆగస్టు 10, 2025, ఆదివారం. కవిటి

డ్రిల్లు మాస్టారి పెద్దకర్మ అయింది. భోజనాల దగ్గర ఇంటివాళ్లెవరో, ఊరివాళ్లెవరో తేలలేదు. జమ్మూ నుంచి సెలవు మీద వచ్చిన ఒకడు రైలు దిగి తిన్నగా ఇక్కడికే వచ్చాడు. తువ్వాలు నడుముకి చుట్టి సాంబారు బకెట్టు అందుకున్నాడు. "నువ్వు మాకేటవుతావు నాయనా?" అని మాస్టారి అక్కగారు అడిగారు. వాడు కాస్త ఆలోచించి "అయిదూ నలభై, అమ్మా" అన్నాడు. పక్కన అన్నం వడ్డిస్తున్నవాళ్లు నవ్వారు. పెద్దావిడకి అర్థం కాలేదు. మాస్టారు పిల్లల్ని పేర్లతో కాదు, వాళ్ల పరుగు టైములతో పిలిచేవారు.

ఆగస్టు 13

ఆర్మీ ర్యాలీలో 1,600 మీటర్లు అయిదున్నర నిమిషాల్లోపు పరిగెడితే 60 మార్కులు. పది పులప్స్‌ తీస్తే 40. తొమ్మిదడుగుల గొయ్యి దాటాలి. ఊపిరి పీలిస్తే ఛాతీ అయిదు సెంటీమీటర్లు పెరగాలి. ఉద్దానంలో ఏ టీకొట్టు దగ్గర అడిగినా ఈ లెక్క అప్పజెబుతారు. 2022లో అగ్నిపథ్‌ వచ్చి కొలువు నాలుగేళ్లకి కుదించుకుపోయినా, తెల్లారగట్ల పరుగులు ఆగలేదు. మాస్టారు కుర్రాళ్లని కపాసుకుద్ది తీరానికి తీసుకెళ్లి ఇసుకలో పరిగెత్తించేవారు. "ఇసుక మీద ఏడిస్తే గ్రౌండు మీద నవ్వుతారు" అనేవారు. అయిపోయాక ఆయన ఇంటి అరుగు మీద అందరికీ చోడి అంబలి, ఉల్లిపాయ. ఫీజు మాట ఎప్పుడూ రాలేదు. చోళ్లు ఎక్కడివని నేనూ అడగలేదు, మాస్టారి భార్య, మా వదినగారూ చెప్పలేదు.

ఆగస్టు 17

వదినగారు కబురు పెట్టి నోటుబుక్కులు నాకిచ్చారు. "మీరు తెలుగు మాస్టారు కదా, చదివి పెట్టండి" అన్నారు. చదవడానికి ఏముంది, అన్నీ అంకెలే. తేదీ, పేరు, టైము. కొబ్బరినూనె మరకలు, అక్కడక్కడా ఇసుక.

2018 నాటి పుస్తకం చేతిలోంచి జారి బోర్లా పడింది. తీసి చూస్తే వెనక పేజీ నుంచి, తలకిందులుగా, ఇంకో లెక్క. అవే పేర్లు. ఎదురుగా 2.1, 3.8, 6.4. ముందు చందాలనుకున్నాను. ఆనక తెలిసింది, అవి కిడ్నీల లెక్కలని. క్రియాటినిన్‌. ఉద్దానంలో అక్షరం రానివాళ్లకి కూడా వచ్చిన ఇంగ్లీషు మాట. ఆ అంకెలు పిల్లలవి కావు, వాళ్ల నాన్నలవి. ఒకటి రెండు అమ్మలవి.

ఒక కుర్రాడి ముందు పేజీ లెక్క 5:28 నుంచి రెండు వారాల్లో 6:10కి పడిపోయింది. వెనక పేజీలో అదే వారం వాడి నాన్న పేరు కింద 7.2, పక్కన చిన్న అక్షరాల్లో "సోమ, గురు". డయాలసిస్‌ రోజులు. మనిషిని తీసుకెళ్లి, నాలుగు గంటలు పక్కన కూర్చుని, తిరిగి తెచ్చి, మర్నాడు పొద్దున్నే పరుగు. వాణ్ణి మాస్టారు తిట్టలేదు. ఆ రెండు రోజులూ సాయంత్రం రమ్మన్నారు. వాడొక్కడి కోసం ఆయనా వెళ్లేవారు.

ఆగస్టు 19

ఈ కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని వైద్యులు ఇప్పటికీ తేల్చలేదు. నీళ్లా, ఎండా, మందులా, ఇంకేదన్నానా. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. హిరమండలం రిజర్వాయరు నీళ్లు గొట్టాల్లో వస్తున్నాయి. మాస్టారు కారణాల జోలికి పోలేదు. ఏ ఇంట్లో అంకె ఎంతుందో మాత్రం తెలుసుకునేవారు.

ఆగస్టు 29, గిడుగు వారి పుట్టినరోజు

బడిలో ఏటా ఈ రోజు ఉపన్యాసం నాదే. ఒకసారి, పదేళ్ల కిందటేమో, నేను "మహనీయులైన రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాషోద్యమమునకు..." అని అందుకోగానే, వెనక వరసలో విజిల్‌ మెళ్లో వేసుకు నిలబడ్డ డ్రిల్లు మాస్టారు "ఏటి మాస్టారూ, ఆయన గురించి ఆయనకి పడని బాసలో చెప్తన్నారు?" అన్నారు. పిల్లలు గొల్లుమన్నారు. ఆ రోజు నాకు కోపం వచ్చింది. మరుసటేటికి ఉపన్యాసం మార్చాను.

మార్చాక చెప్పింది ఇదీ: 1863లో పర్వతాలపేటలో పుట్టి, 1880లో పర్లాకిమిడి బడిలో నెలకి ముప్పై రూపాయలకి చేరిన మాస్టారు, సవర పిల్లలకి చదువు చెప్పాలంటే ముందు తాను సవర నేర్చుకోవాలనుకున్నాడు. నేర్చుకున్నాకే వాళ్ల భాషలో వాచకాలు రాశాడు, బడులు పెట్టాడు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో బడి పెట్టండి, నేను నడుపుతానన్నాడు. కొండల్లో పట్టుకున్న జ్వరానికి మింగిన క్వినైను చెవులకి చేటు చేసింది. ఒక భాషని చెవిన పట్టడానికి వెళ్లి వినికిడే పోగొట్టుకొచ్చాడు. కొడుకు సీతాపతి కూడా ఆ పనిలోనే దిగాడు. ఇంటిపనీ ఊరిపనీ ఆ ఇంట్లో ఒక్కటే.

మా మాస్టారూ ఆ దారే. ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు వస్తే, ఒడియాలో అంకెలు, తిట్లు, ఓదార్పులు నేర్చేసుకున్నారు. "తిట్టు పరాయి బాసలో తగలదు మాస్టారూ" అనేవారు. మొట్టమొదట నేర్చుకోవాల్సిన బాస పిల్లాడి ఇంటి పరిస్థితి అని ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. వెనక పేజీ చూశాకే నాకు తెలిసింది.

సెప్టెంబరు 5

మాస్టారి చిన్నమ్మాయి వచ్చింది. వదినగారు పొద్దున్నే పనికి వెళ్లిపోయేవారు గనక ఈ పిల్లకి జడలు వేసే పని నాన్నదే. ఏడున్నరకల్లా తీరం నుంచి వచ్చి, విజిల్‌ వీపు వైపు తిప్పుకుని, కాళ్లు బార్లా చాపి కూర్చుని రెండు జడలు. పాపిట గ్రౌండులో గీసిన సున్నపు గీతలా ఉండేది. పరుగుకి ఆలస్యంగా వచ్చినవాడికి శిక్ష, ఆ జడలు అయ్యేదాకా రిబ్బన్లు పట్టుకుని నిలబడడం.

"బాబాయ్‌, నాన్న ఇంటికి ఆలస్యంగా వచ్చిన రోజు లేదు. కానీ ఒక్కడే వచ్చిన రోజు కూడా లేదు" అంది.

నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను.

అక్టోబరు 11

తిత్లీ తుపానుకి ఏడేళ్లు. 2018లో ఇదే తేదీ, గురువారం, ఇంకా తెల్లారకముందే తీరం దాటింది. వెలుతురు వచ్చేసరికి తోటలన్నీ నేలమట్టం. వీధి వీధికీ చెట్లు అడ్డం. మాస్టారు కుర్రాళ్లని వెంటేసుకుని కత్తులు, రంపాలతో దిగారు. మా ఇంటి ముందు రెండు కొబ్బరిచెట్లు పడి గేటు మూసుకుపోయింది. మమ్మల్ని దాటుకుని వెళ్లిపోయారు. మర్నాటి సాయంత్రం దాకా మా వైపు రాలేదు. ఇన్నేళ్ల స్నేహం, ఇదేటి అనుకున్నాను. ఆ ముల్లు ఇన్నాళ్లూ లోపలే ఉంది, ఆయనతో చెప్పలేదు.

ఇవాళ ఆ పుస్తకం మళ్లీ తీశాను. వెనక పేజీలో "గురు" అని ఉన్న పేర్లు నాలుగు. ఆ నాలుగిళ్లూ ఏ వీధిలోవో నాకు తెలుసు. ఆ రోజు కుర్రాళ్లు చెట్లు నరుక్కుంటూ వెళ్లిన దారి వేలితో గీశాను. నాలుగిళ్ల మీదుగా వెళ్లి పెద్దరోడ్డు ఎక్కింది. నా గేటు ఆ దారిలో లేదు.

అక్టోబరు 12

తెల్లారకముందే కపాసుకుద్ది వెళ్లాను. చెప్పేవాళ్లు లేకపోయినా పదకొండుమంది వచ్చారు, వాళ్లలో వాళ్లే సెల్లులో టైము చూసుకుంటున్నారు. నాకు పరుగు తెలీదు, పులప్స్‌ అసలే తెలీదు. బోర్లించిన పడవ మీద కూర్చుని కొత్త నోటుబుక్కు వెనక నుంచి తెరిచాను. ముందుగా వచ్చినవాడు రొప్పుతూ "టైమెంతండి?" అన్నాడు.

"అది ఆనక. మీ నాన్నకెలాగుంది?" అన్నాను.