ఆడిట్ కాగితం

అమెరికాలో ఒక ఫౌండేషన్‌లో ప్రోగ్రాం ఆఫీసర్‌ని. మావాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఎవరిదో డబ్బు ఎవరికో ఇచ్చే ఉద్యోగం. పుణ్యమంతా నీదేనమ్మా అంటారు. నిజానికి నా రోజంతా మర్యాదగా ‘కుదరదు’ అని రాయడంలోనే పోతుంది.

2020 మేలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ పోలీసు మోకాలి కింద చనిపోయాక, మా ఆఫీసులోనూ జాతి సమానత్వం మీద చర్చలు మొదలయ్యాయి. జూమ్‌లో గంటలకు గంటలు. చట్టం ప్రకారం మాలాంటి సంస్థ ఏటా ఆస్తిలో దాదాపు 5 శాతం ఖర్చుపెడితే చాలు, అందులో నా జీతమూ కలిసే ఉంటుంది. చర్చ అక్కడిదాకా వచ్చేది, ఆగేది. తెల్లవాళ్లు క్షమాపణలు చెప్పుకునేవాళ్లు. నేను చామనఛాయదాన్ని, వినే వైపు దర్జాగా కూర్చునేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒక నల్లజాతి పెద్దావిడ దరఖాస్తు తిప్పి పంపాను. చర్చి సెల్లార్‌లో సాయంత్రాలు పిల్లలకి చదువు చెప్పి, అన్నం పెడుతుంది. ఆడిట్ కాగితం లేదని నా అభ్యంతరం. ఫోన్ చేసింది.

“చూడమ్మా, మీరిచ్చేది పదిహేను వేల డాలర్లు. ఆడిట్‌కి పదివేలు అడుగుతున్నారు. మీ డబ్బు ముట్టుకోడానికి ముందు మా డబ్బు పొయ్యాలా? మా అమ్మమ్మ రోజెన్‌వాల్డ్ బడిలో చదివింది. అప్పుడూ ఇదే తంతు.”

నిజమే. 1912-32 మధ్య వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ సాయంతో దక్షిణాది రాష్ట్రాల్లో నల్లపిల్లలకి దాదాపు 5,000 బడులు లేచాయి. గొప్ప పనే. కానీ ఊళ్లోని నల్లవాళ్లూ తమ వాటా వెయ్యాలని షరతు. బడి కోసం కట్టిన పన్ను తెల్లపిల్లల బడికి పోతుంటే, వాళ్లు కలప మోసి, చందాలెత్తి రెండోసారి కట్టారు.

తర్వాత ఆవిడ ఊరికే అడిగింది, “మీవాళ్లు ఎప్పుడొచ్చారు ఇక్కడికి?”

మామయ్య గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి 1974లో వచ్చాడని చెప్పాను. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో, భారతీయులు తెల్లవాళ్ల లెక్కలోకి రారు, పౌరసత్వం లేదు పొమ్మంది సుప్రీంకోర్టు. మామయ్యకి తలుపు తీసింది 1965 వలస చట్టం. అది పౌరహక్కుల ఉద్యమం ఊపులో వచ్చింది. ఆ ఊపు కోసం లాఠీదెబ్బలు తిన్నది ఆవిడ తరంవాళ్లు.

ఇంకోటి ఆవిడకి చెప్పలేదు. మామయ్య ఫీజు తెనాలి దగ్గర మా మాగాణి వడ్ల మీద వచ్చింది. ఆ నాట్లు వేసిన మాలపల్లె ఆడవాళ్ల పిల్లలెవరూ విమానం ఎక్కలేదు. జూమ్‌లో నా వంతు వచ్చినప్పుడూ ఈ ముక్క నోటికి రాలేదు.

చిన్న గ్రాంట్లకి ఆడిట్ అక్కర్లేదని బోర్డుని ఒప్పించడానికి ఏడాది పట్టింది. పదిహేడు పేజీల ఫారం నాలుగుకి దిగింది. నల్లజాతి మహిళల వ్యాపారాలకే పెట్టిన ఫియర్‌లెస్ ఫండ్ గ్రాంటుని 2024 జూన్‌లో అప్పీలు కోర్టు ఆపేశాక, మా లాయర్లు కాగితాల్లో ‘జాతి’ అన్న మాట కనబడితే చాలు, కొట్టేస్తున్నారు. ఫారం జోలికి మాత్రం ఇంకా రాలేదు. పెద్దావిడకి మూడో ఏడాది చెక్కు పోయిన వారమే పంపాను.